ఆ రెండు తొమ్మిదులూ తోబుట్టువులు కావు

మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఎర్ర గుడ్డ మూటలో పదకొండు వెండి రూపాయలుండేవి. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ఒక్కసారి బయటికొచ్చేవి. ముందురోజు వాటికి చింతపండూ, పొయ్యిలో బూడిదా పట్టించి కొబ్బరిపీచుతో తోమడం నా పని. రాజుగారి ముక్కు అరిగిపోయినా సరే, తళతళలాడితేనే నాయనమ్మ ఒప్పుకునేది. అలా తోమిన రూపాయిని వేలంలో "క్లీన్డ్" అనే ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారని ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు.

పంపకాల్లో నాలుగు నా వాటాకొచ్చాయి. మూడు ఐదో జార్జివి, ఒకటి ఆరో జార్జిది, 1938. లాక్‌డౌన్‌లో తోచక వాటిని తూస్తూ, కొలుస్తూ, ఆన్‌లైన్‌లో ఏది ఎంత పలుకుతుందో చూస్తూ కూర్చున్నాను. అప్పుడే 1939 పురుగు కుట్టింది.

ఈ పురుగు సంగతి కొంచెం చెప్పాలి. ఆరో జార్జి బొమ్మతో, 91.7 శాతం వెండితో రూపాయి వచ్చింది 1938, 1939 సంవత్సరాల తేదీలతోనే. యుద్ధం వచ్చి వెండికి కటకట అవడంతో 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి దించేశారు. దొంగ నాణేలకు అడ్డుకట్టగా అంచు కూడా మార్చారు: మామూలు గీతల మధ్య ఒక గాడి, ఆ గాడిలో నగిషీ. దాన్నే సెక్యూరిటీ ఎడ్జ్ అంటారు. 1938 రూపాయి సులువుగానే దొరుకుతుంది. 1939ది దొరకదు. బ్రిటిష్ ఇండియా రూపాయల వరస పూర్తిచేయాలనుకునే ప్రతివాడి ఆల్బమ్‌లోనూ ఆ గడి ఒక్కటీ ఖాళీగా వెక్కిరిస్తూ ఉంటుంది. పేరున్న వేలాల్లో బాగున్న 1939 రూపాయి నా జీతానికి అందే సరుకు కాదు.

కాబట్టి ఒక ఆదివారం రాత్రి ఆన్‌లైన్ వేలంలో పదిహేను వేల దగ్గర ఆడుతున్న 1939 కనపడగానే నిద్ర పట్టలేదు. అమ్మేవాడి వర్ణన రెండే ముక్కలు: "తాతగారి కలెక్షన్, 100 శాతం ఒరిజినల్." రెండు ఫోటోలు. ఒకటి రాజు, ఒకటి వెనక వైపు. తొమ్మిదింటికి ముగియాలి. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు ఇంకో రెండు నిమిషాలు సాగుతుంది. నేను పెంచడం, ఎవరో పెంచడం, మళ్ళీ నేను. అలా తొమ్మిదీ పద్దెనిమిదికి ఇరవై ఒక్క వేల అయిదు వందల దగ్గర నా పేరు మీద కొట్టేశారు. కమిషన్, దాని మీద జీఎస్టీ, కొరియర్ అన్నీ కలిపి పాతిక వేల దగ్గర తేలింది. యూపీఐలో కట్టేశాను. "పాతిక వేలకి ఒక రూపాయి కొన్నారన్నమాట" అంది మా ఆవిడ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అదే భయం.

నాణెం వచ్చాక నేను చేయగలిగినవన్నీ చేశాను. జేబులో పట్టే చిన్న కాటా ఉంది, గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు. అది పాతకాలం తులం. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ "రూపాయెత్తు" అంటే ఆ లెక్కే. నాది 11.61 తూగింది. ఎనభై ఏళ్ళ అరుగుదలకి అది సరిపోతుంది. అయస్కాంతం అంటలేదు. అంచున మామూలు గీతలే, గాడి లేదు. అంటే 1940 తర్వాతి నాణేన్ని దిద్దింది కాదు.

ఆ తర్వాత నీళ్ళ పరీక్ష. వంటింట్లో చేసుకోవచ్చు, ఖర్చు లేదు. కాటా మీద సగం నీళ్ళున్న గాజు గ్లాసు పెట్టి సున్నా చేస్తాం. నాణేన్ని సన్నటి దారంతో కట్టి అడుగు తగలకుండా, అంచులు తగలకుండా నీళ్ళలో వేలాడదీస్తాం. అప్పుడు కాటా చూపించేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువుని దానితో భాగిస్తే లోహం సాంద్రత వస్తుంది. నాకు 1.13 చూపించింది. 11.61ని 1.13తో భాగిస్తే 10.27. ఆ రూపాయి వెండికి రావాల్సింది 10.3 చుట్టుపక్కల. జర్మన్ సిల్వర్ అయితే తొమ్మిది కూడా దాటదు. దారం పట్టుకున్న చెయ్యి వణికి రెండుసార్లు నీళ్ళు ఒలికాయి కానీ మూడుసార్లూ లెక్క అదే వచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

వారం తర్వాత పండక్కి తెనాలి వెళ్ళినప్పుడు మా కుటుంబానికి నగలు చేసే ఆచారిగారికి చూపించాను. ఆయన వేళ్ళ మధ్య తిప్పి, బల్ల మీద చిన్నగా జార్చి మోత విని, "వెండి మంచిదే బాబూ. ఇలాంటి రూపాయలు కరిగించి ఎన్ని కుంకుమ భరిణెలు చేశామో" అన్నారు. అంటూనే గీటురాయి తీయబోయారు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. ఆయన నవ్వి, "రూపాయికి ఇంత సుకుమారం ఏమిటో" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి ఆ నాణెం గురించి పదిమందికి గొప్పలు చెప్పుకుని ఉండేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో గుంటూరులో మాస్టారింటికి వెళ్ళాను. రిటైరైన లెక్కల మాస్టారు. నలభై ఏళ్ళుగా బ్రిటిష్ ఇండియా నాణేలు పోగుచేస్తున్నారు. కాఫీ ఇచ్చి, నేను చెప్పిన బరువూ సాంద్రతా అన్నీ ఓపిగ్గా విని, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం కంటికి ఆనించుకున్నారు. టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని నాణేన్ని అటూ ఇటూ వాల్చి చూశారు. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఏవోయ్, ఇందులో తొమ్మిదులెన్ని?"

"రెండు మాస్టారూ."

"రెండూ ఒక తల్లి పిల్లలేనేమో చూడు."

అద్దం నా చేతికిచ్చారు. ఒకటి పక్కన ఉన్న తొమ్మిదికి తల గుండ్రంగా, నిండుగా ఉంది. తోక నున్నగా వంపు తిరిగి సన్నబడుతూ ముగిసింది. చివరి తొమ్మిది తల చిన్నది, నొక్కినట్టుంది. తోక బొద్దుగా వచ్చి ఒక్కసారిగా తెగినట్టు ఆగిపోయింది. దాని ఎడమ పక్క, తొమ్మిదికి ఖాళీ ఉండాల్సిన చోట, మైదానం (బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం) కాస్త గుంట పడి ఉంది. అక్కడ వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. మిగతా నాణెమంతా ఎనభై ఏళ్ళ నలుపు సమంగా పట్టి ఉంటే ఆ మెంతిగింజంత చోటు మాత్రం తడి ఆరనట్టు మెరుస్తోంది.

ఎనిమిది కింది సున్నాకి ఎడమ గోడ చెక్కేస్తే తొమ్మిది వస్తుంది. అంతే పని. కలపడం ఏమీ లేదు, తీసెయ్యడమే.

"నీళ్ళలో ముంచితే వెండి తెలుస్తుంది నాన్నా, సంవత్సరం తెలీదు" అన్నారు మాస్టారు. తన 1939 తెచ్చి పక్కన పెట్టారు. ఇక అద్దం కూడా అక్కర్లేకపోయింది.

నేను చేసిన పరీక్షల్లో ఏదీ తప్పు కాదు. నాణెం నిజంగా బొంబాయి టంకశాలలో అచ్చయిందే, వెండి నిజమే, అంచు నిజమే. అందుకే అన్నింట్లోనూ నెగ్గింది. నేను అడగని ప్రశ్న ఒక్కటే దానికి కష్టమైంది. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా బరువు కరెక్ట్‌గా ఉంది, ఒరిజినలే కదా అంటే నాకు ఆ దారం, గ్లాసు గుర్తొస్తాయి.

డబ్బు వెనక్కి అడిగిన కథ త్వరగా చెప్పేస్తాను. వాపసుకి ఏడు రోజుల గడువు. నేను పన్నెండో రోజున రాశాను. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా అని అడిగారు. తీయలేదు. మీరే నాణెం మార్చి పంపుతున్నారేమో అని అమ్మినవాడు ఎదురు ఆరోపించాడు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు దగ్గర అభ్యంతరం పెట్టే దారి ఉండేది. యూపీఐలో నా చేత్తో నేనే పంపాను కాబట్టి అదీ లేదు. వదిలేశాను.

కోపం తగ్గాక ఒక రాత్రి ఆ లాట్ (వేలంలో ఒక్కో సరుకునీ అలా అంటారు) పేజీని మళ్ళీ మొదటినుంచి చదివాను. ఈసారి కొనేవాడిలా కాదు, పేపర్లు దిద్దే వాడిలా. అప్పుడు కనపడినవన్నీ నేను డబ్బు కట్టకముందు కూడా అక్కడే ఉన్నాయి. ఫోటోలో వెలుగు కుడినుంచి పడింది, చివరి అంకె ఎడమ పక్క నీడలో ఉంది. పెద్దది చేసి చూస్తే రాజు కిరీటంలో ఒక్కో పూసా తెలుస్తోంది, తేదీ మాత్రం మసక. అంచు ఫోటో లేనే లేదు. అదే అమ్మకందారు పాత అమ్మకాలు తీస్తే అయిదు నెలల్లో మూడు 1939 రూపాయలు. ఆ తాతగారు ఎంత అదృష్టవంతుడో! ఇక పాట పెంచినవాళ్ళ జాబితా. పేర్లు చుక్కలతో కప్పి ఉంటాయి కానీ మొదటి అక్షరం, చివరి అంకె కనపడతాయి. నన్ను ఆరుసార్లు పైకి తోసిన ఆ ఒక్క పేరూ వేరే ఎవరి సరుకు మీదా ఒక్క పాట కూడా పాడలేదు. గెలిచింది సున్నా. మా ఊరి పశువుల సంతలో బేరం పెంచడానికి పక్కన ఒకణ్ణి నిలబెట్టుకునే దళారులుంటారు. వాళ్ళకైనా కనీసం ముఖం కనపడుతుంది.

అప్పటినుంచీ నా పద్ధతి తిరగబడింది. ముందు మనిషి, తర్వాత ఫోటో, ఆ తర్వాతే నాణెం. ధర చివర్న చూస్తాను, అదీ పాత వేలాల ఫలితాల పక్కన పెట్టి. ఏసీసెర్చ్ అనే వెబ్‌సైట్లో గత వేలాల రికార్డులున్నాయి. నూమిస్టా అనే సైట్లో రకాలు, కొలతలు ఉంటాయి. మన దేశపు పాత నాణేలకీ, నవాబుల, సుల్తానుల నాణేలకీ జెనో అనే సైటు ఒక గని. అసలు నాణేల ఫోటోలు వందలు చూస్తే కంటికి ఒక అలవాటు పడుతుంది. ఇంకోటి, దొంగ నాణేలు పోత పోసినవైతే తల్లి నాణెం మీదున్న దెబ్బలు కూడా పిల్లలన్నింటికీ వస్తాయి. రెండు వేర్వేరు లాట్లలో రాజుగారి చెవి కింద ఒకే చోట ఒకే సొట్ట కనపడితే ఇక వెతకాల్సింది ఏమీ లేదు.

నచ్చిన లాట్ కనపడితే అమ్మేవాళ్ళకి ఒకటే అడుగుతాను: ఇవాళ్టి తేదీ రాసిన కాగితం మీద నాణెం నిలబెట్టి అంచు ఫోటో తీసి పంపండి, తేదీ అంకెల మీద లైటు రెండు వైపులనుంచీ వేసి చెరొక ఫోటో తీయండి. కొందరు పది నిమిషాల్లో పంపుతారు. కొందరు "నమ్మకం లేకపోతే కొనకండి సార్" అంటారు. ఆ రెండో జవాబు కూడా నాకు ఉపయోగమే. ఒకాయన ఫోటో పంపాడు కానీ అది వేరే నాణెం. కాగితం మాత్రం తేదీతో సహా నిజమైనదే.

సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే భయం లేదని చాలామంది అంటారు. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు నాణేన్ని పరీక్షించి, 70 దాకా ఉండే మార్కుల్లో ఒకటి వేసి, నంబరిచ్చి, పెట్టెలో సీలు చేస్తాయి. అది మంచి ఏర్పాటే. తోమిన నాణేనికి మార్కు ఇవ్వకుండా "డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసేస్తారు. మా నాయనమ్మ రూపాయలన్నీ ఆ బాపతే. కానీ ఆ పెట్టెలకి కూడా నకళ్ళొచ్చాయి.

నాకు తగిలింది 1911 రూపాయి. దాని కథ తెలిసిందే: ఐదో జార్జి మెడలో హారానికి ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనపడుతోందని గొడవై, ఆ అచ్చు ఆపేసి, 1912 నుంచి తొండం స్పష్టంగా కనపడే కొత్త అచ్చు తెచ్చారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. వేలంలో ఉన్న నాణెం పెట్టెలో మిలమిలలాడుతోంది. నంబరు సంస్థ వెబ్‌సైట్లో కొడితే వివరాలన్నీ సరిపోయాయి: 1911, రూపాయి, అదే మార్కు. అయిదు నిమిషాల్లో వేలం ముగుస్తుంది. అయినా అక్కడున్న ఫోటో తెరిచాను. సంస్థ తీసిన ఫోటోలో రాజుగారి చెవి వెనక ఆవగింజంత నల్ల మచ్చ ఉంది. వేలంలో ఉన్న నాణేనికి లేదు. పెట్టెలో సీలైన నాణెం మీద మచ్చ ఎక్కడికి పోతుంది? ఎవరిదో నిజమైన నంబరు, ఇంకెవరిదో పెట్టె, ఎక్కడిదో నాణెం. పాట పాడలేదు. అది ఎవరో మంచి ధరకే కొన్నారు. నిర్వాహకులకి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి మెయిల్ చేశాను. జవాబు రాలేదు.

ఈ పిచ్చి ఉందని తెలిశాక చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. మా చిన్నత్తగారు వైష్ణోదేవి బొమ్మున్న అయిదు రూపాయల బిళ్ళ దొరికిందనీ, దానికి పది లక్షలిస్తామని వాట్సాప్‌లో వచ్చిందనీ, ముందు రిజిస్ట్రేషన్‌కి కొంత కట్టమంటున్నారనీ చెప్పింది. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే దీని మీద ప్రకటన ఇచ్చింది: పాత నోట్లూ నాణేల లావాదేవీలతో తనకి సంబంధం లేదనీ, తన పేరూ లోగోతో కమిషన్, పన్ను అడిగేవాళ్ళని నమ్మొద్దనీ. అది చదివి వినిపించినా అత్తయ్య నేను అసూయతో చెప్తున్నానేమో అన్నట్టే విన్నది. బియ్యం గింజల్ని లాగే రాగి నాణెం పేరుతో రైస్ పుల్లింగ్ మోసాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కేసులయ్యాయో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. హనుమంతుడి బొమ్మతో, 1818 తేదీతో వచ్చే ఈస్టిండియా కంపెనీ నాణేలదీ అదే కుటుంబం. కంపెనీ అలాంటివి ఎప్పుడూ ముద్రించలేదు. అరుదైనవి కాదు, అసలు లేనివి.

కిందటి ఏడాది మళ్ళీ ఒకటి కొన్నాను. చార్మినార్ రూపాయి, హిజ్రీ 1337, అంటే 1918–19. నిజాం నాణేల్లో నాకు ఇష్టమైన చిన్న వివరం చార్మినార్ గుమ్మంలో ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆ గుమ్మంలో ఉర్దూ లిపిలో ఆయన పేరు మొదటి అక్షరం "మీమ్", ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక ఆయన పేరులోని "ఐన్". తేదీకీ అక్షరానికీ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోవచ్చు. దీనికి కుదిరింది. అమ్మిన ఆయన అంచు ఫోటో అడక్కముందే పెట్టాడు. పైన, మినార్ల కొసకి సూటిగా, అంచు మీద టంకం మరక. వర్ణనలో ఆయనే రాశాడు: "కొండి తీసేసిన గుర్తు ఉంది." ఎవరో ఆడమనిషి మెడలో ఉండి వచ్చిన రూపాయి. ఆ మాట వల్ల ధర బాగా తగ్గింది. ఆ మాట వల్లే నేను కొన్నాను.

పార్సిల్ విప్పేటప్పుడు మా అబ్బాయి వీడియో తీశాడు. 11.12 గ్రాములు తూగింది. అసలు బరువు 11.18. నిజాం రూపాయిలో వెండి కొంచెం తక్కువ, 81.8 శాతం. నీళ్ళలో 1.09 చూపించింది. లెక్క వేస్తే 10.2, సరిపోయింది. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోటో చూసి తనకి పంపమన్నాడు. వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద దేశం దాటించకూడదు, వచ్చినప్పుడు చూసి పో అన్నాను.

ఆ పాతిక వేల రూపాయి కూడా నా దగ్గరే ఉంది. మళ్ళీ తెనాలి వెళ్ళినప్పుడు ఆచారిగారికి అద్దం ఇచ్చి చివరి అంకె చూడమన్నాను. చాలాసేపు చూసి, "మావాళ్ళ పనే. సన్న ఉలి, చెయ్యి మంచిది, పావుగంట పట్టి ఉంటుంది" అన్నారు. గొంతులో కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది. ఇంటికొచ్చి నాణేన్ని కొత్త కాగితం కవరులో పెట్టి, పైన 1938 అని రాసి, నాయనమ్మ రూపాయి పక్కన పెట్టాను.